కుందేలుకి ఎంత తుపాకీ కావాలి?

డిగ్రీలో ఎన్‌సీసీ క్యాంపుకి వెళ్లినప్పుడు నా చేతికి మొదటిసారి తుపాకీ వచ్చింది. 'పాయింట్ టూటూ' అనేవాళ్లు దాన్ని. మట్టిదిబ్బకి ఆనించిన కాగితపు టార్గెట్, నేలమీద పరిచిన పట్టా, మనిషికి ఐదు తూటాలు. పెద్ద చప్పుడవుతుందని పళ్లు బిగించుకుని బోర్లా పడుకున్నాను. ఎండుకొమ్మ విరిగినట్టు 'టప్' మంది, అంతే. భుజానికి తన్నింది కూడా లేదు. లేచాక ఉస్తాద్‌ని అడిగాను, "దీంతో నిజంగా యుద్ధం చేస్తారా సార్?" అని. ఆయన నవ్వి, "యుద్ధమా? దీంతో కుందేళ్లని కొడతారు, పో" అన్నారు. ఎగతాళి చేస్తున్నారనుకున్నాను.

ఎగతాళి కాదని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడుపోయే తూటాల్లో అదొకటి. దాని చరిత్ర చదువుతూపోతే అన్నిచోట్లా కుందేలే ఎదురవుతుంది. మనిషికి ఎంత నేల కావాలని టాల్‌స్టాయ్ అడిగాడు. కుందేలుకి ఎంత తుపాకీ కావాలని రైతులు, వేటగాళ్లు, తుపాకీ కంపెనీలు, చివరికి ప్రభుత్వాలు కూడా నూటయాభై ఏళ్లుగా తగువు పడుతూనే ఉన్నాయి. ఎవరు పట్టిన కుందేలుకి వాళ్లు మూడే కాళ్లంటారు, అది వేరే చెప్పాలా.

కథ మొదలైంది పొలాల్లో కాదు, పారిస్‌లో కలవారి ఇళ్ల హాళ్లలో. పాత తుపాకుల్లో రెండు మందులుండేవి. గొట్టంలో కూరేది ఒకటి, దాన్ని అంటించడానికి వాడే రంజకం రెండోది. 1845లో లూయీ నికోలా ఫ్లోబేర్ అనే ఫ్రెంచి తుపాకీల తయారీదారు అసలు మందు పూర్తిగా మానేసి, రంజకం నింపిన చిన్న లోహపు టోపీకి నేరుగా ఓ సీసపు గుండు బిగించాడు. రంజకం బలం ఒక్కటే దానికి ఇంధనం. ఇంట్లో గోడకి టార్గెట్ తగిలించి, అతిథులు సరదాగా కొట్టుకోవడానికి అది సరిపోయేది. అంటే ఈ వంశానికి మూలపురుషుడు ఒక ఆటవస్తువు.

1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఆ టోపీని కాస్త సాగదీసి, అందులో నాలుగు గ్రెయిన్ల నల్లమందు పోసి, జేబులో పట్టే రివాల్వర్ కోసం తూటాగా మార్చింది. రంజకం తూటా అడుగున, మడతపెట్టిన అంచు లోపల ఉంటుంది. పిన్ను ఆ అంచుని నలిపితే పేలుతుంది. అందుకే 'రిమ్‌ఫైర్'. ముప్ఫై ఏళ్ల తర్వాత, 1887లో, మసాచుసెట్స్‌లోని స్టీవెన్స్ కంపెనీ అదే కుటుంబంలో కొంచెం పొడవైనదాన్ని తెచ్చింది. ఐదు గ్రెయిన్ల మందు, నలభై గ్రెయిన్ల గుండు. పేరు .22 లాంగ్ రైఫిల్. మందు మారింది, రంజకం మారింది, వేగం పెరిగింది కానీ, కొలతలు మాత్రం ఇప్పటికీ దాదాపు అవే. మన కాలంలో ఇంతకాలం మారకుండా నిలిచిన యంత్రభాగం ఇంకేముందో నాకు తట్టడం లేదు. కుట్టుమిషను సూదేమో.

గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ. ఇంగ్లీషువాళ్లు గింజతో తూచినట్టే మన కంసాలులు గురిగింజతో తూచారు. నలభై గ్రెయిన్లంటే రెండున్నర గ్రాములు దాటుతుంది, మన లెక్కలో ఇరవై పైచిలుకు గురిగింజల ఎత్తు. పావు అంగుళం కూడా లేని మందం, 5.6 మిల్లీమీటర్లు. మన పోలీస్ స్టేషన్లలో దశాబ్దాలపాటు కనిపించిన త్రీనాట్‌త్రీతో పోలిస్తే దీని శక్తి ఇరవయ్యో వంతు కూడా ఉండదు.

ఈ బలహీనత ఎవరో దయతలిచి పెట్టింది కాదు. పిన్ను దెబ్బకి నలగాలంటే అంచు పల్చగా ఉండాలి. పల్చగా ఉంటే లోపల ఎక్కువ ఒత్తిడిని తట్టుకోదు. కాబట్టి రిమ్‌ఫైర్‌లో మందు ఒక హద్దు దాటి కూరడానికి వీల్లేదు. పేలిన గుల్లలో మళ్లీ మందు నింపుకోవడమూ సాధ్యం కాదు, అందుకని అది చవగ్గా ఉండి తీరాలి. చవక, చప్పుడు తక్కువ, తన్నదు, మాంసం చెడగొట్టదు. ఆటకోసం పుట్టిన వస్తువు చిన్న జంతువుల వేటకి సరిపోవడం వెనక ఉన్నది ఇంతే.

ఇంగ్లండులో అప్పటికే 'రూక్ రైఫిల్స్' అని ఒక జాతి ఉండేది. రూక్ అంటే పొలాల మీద గుంపులుగా వాలే ఒకరకం కాకి. మే నెలలో గూళ్లలోంచి కొమ్మల మీదకి వచ్చే పిల్లకాకుల్ని కొట్టి వండుకునేవాళ్లు. దానికోసం, కుందేళ్లకోసం, పేరున్న తుపాకీ దుకాణాలు చెక్కుడు పనితో చిన్న రైఫిళ్లు చేసి భూస్వాములకి అమ్మేవి. చవకైన .22 వచ్చాక ఆ ముచ్చట తీరిపోయింది. బోయర్ యుద్ధంలో గురి తప్పని రైతుల చేతిలో దెబ్బలు తిన్నాక, మామూలు జనానికి కూడా గురి నేర్పాలని బ్రిటన్‌లో 1901లో చిన్న రైఫిల్ క్లబ్బుల సంఘం పెట్టారు. ఫ్యాక్టరీ కూలీలు కూడా సాయంత్రాలు .22తో కాగితాలకి కన్నాలు పెట్టడం నేర్చుకున్నారు. నా ఎన్‌సీసీ క్యాంపు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమవుతోంది కదా.

అసలు రంగస్థలం మాత్రం ఆస్ట్రేలియా.

మా పిన్ని కూతురు గీలాంగ్‌లో ఉంటుంది. మెల్బోర్న్‌కి గంట ప్రయాణం. ఆమె ఇంటికెళ్లినప్పుడు ఒక ఆదివారం, "అన్నయ్యా, నీ కుందేళ్లు పుట్టిన ఊరు ఇక్కడికి దగ్గరే" అని వించెల్సీ తీసుకెళ్లింది. అక్కడ బార్వన్ పార్క్ అని నల్లరాతి భవనం ఒకటుంది. ఇప్పుడది నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉంది. దాని యజమాని థామస్ ఆస్టిన్. ఇంగ్లండులోని సోమర్‌సెట్ నుంచి వచ్చి గొర్రెల మీద బాగా గడించినవాడు. 1859 క్రిస్మస్ రోజున 'లైట్నింగ్' అనే ఓడలో అతనికి ఇంటినుంచి ఇరవైనాలుగు కుందేళ్లు వచ్చాయి. తెప్పించుకున్నది తినడానికి కాదు, పెంచడానికి కాదు, కాల్చుకోవడానికి. చిన్నప్పటి ఇంగ్లండులా ఇక్కడ కూడా ఆదివారం పూట తుపాకీ పట్టుకుని తిరగాలంటే ఎదురుగా ఏదో ఒకటి పరిగెత్తాలి కదా.

ఈ విషయం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. కుందేళ్లు ఎక్కువయ్యాయి కాబట్టి తుపాకీ అవసరమైందని మనం అనుకుంటాం. జరిగింది తలకిందులు. తుపాకీ ముందే ఉంది. దానికి పని కావలసి వచ్చి కుందేలుని ఓడెక్కించారు. 1867లో విక్టోరియా రాణి కొడుకు ప్రిన్స్ ఆల్‌ఫ్రెడ్ వచ్చి బార్వన్ పార్క్‌లో కుందేళ్లని వేటాడి వెళ్లాడు. ఆస్టిన్‌కి అది జీవితంలో గొప్ప రోజు అయ్యుంటుంది. భవనం పూర్తయిన 1871లోనే అతను చనిపోయాడు. అతని భార్య ఎలిజబెత్ ఇచ్చిన విరాళంతో 1882లో మెల్బోర్న్‌లో తెరిచినదే ఆస్టిన్ హాస్పిటల్. అక్కడి తెలుగువాళ్లకి ఆ పేరు బాగా తెలుసు. కుందేళ్ల ఆస్టిన్, ఆస్పత్రి ఆస్టిన్ ఒకే ఇంటివాళ్లని మా చెల్లెలికి కూడా ఆరోజే తెలిసింది.

అంతకుముందు కుందేళ్లు ఆస్ట్రేలియాకి రాలేదని కాదు. 1788లో మొదటి ఖైదీల ఓడల్లోనే వచ్చాయి. అవి ఇంటి జంతువులు, దేశమంతా పాకలేదు. ఇప్పుడు అక్కడున్న వాటిలో అత్యధిక భాగం ఆస్టిన్ తెప్పించిన వాటి సంతానమేనని 2022లో వెలువడిన జన్యు పరిశోధన తేల్చింది. ఇంకోమాట. మనం 'కుందేలు' అని ఒకటే పదం వాడతాం గానీ, మన మెట్టచేలలో కనిపించే చెవులపిల్లి వేరు, ఇది వేరు. మనది ఒంటరిది, బొరియ తవ్వదు, గడ్డిలో పల్లం చేసుకుని పడుకుంటుంది. ఆస్టిన్ కుందేలు నేలకింద ఊళ్లు కడుతుంది. ఒక్కో ఊళ్లో పదుల సంఖ్యలో గుమ్మాలు. నెలరోజులకో ఈత. 1894కల్లా అవి ఖండం అవతలి కొసన ఉన్న పశ్చిమ ఆస్ట్రేలియా చేరాయి.

ఆపడానికి ఏమేం చేశారో చెప్తే నవ్వొస్తుంది, తర్వాత నవ్వు రాదు. 1887లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఉపాయం చెప్పినవాళ్లకి 25,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది. పారిస్‌నుంచి లూయీ పాశ్చర్ కోళ్ల కలరా సూక్ష్మజీవుల్ని ఇచ్చి తన భార్య తరఫు మేనల్లుడు అడ్రియన్ లువార్‌ని సిడ్నీ పంపాడు. సిడ్నీ రేవులోని రాడ్ దీవిలో ప్రయోగాలు చేశారు. బహుమతి ఎవరికీ దక్కలేదు. 1901 నుంచి 1907 దాకా పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉత్తరం నుంచి దక్షిణానికి 1,833 కిలోమీటర్ల కంచె కట్టారు. అది పూర్తవకముందే కుందేళ్లు అటువైపు కనిపించాయి. ఆ కంచె కుందేళ్లని ఆపలేదు గానీ, 1931లో ప్రభుత్వం తల్లులనుంచి లాక్కెళ్లిన ముగ్గురు ఆదివాసీ ఆడపిల్లలకి ఇంటిదారి చూపించింది. డోరిస్ పిల్కింగ్‌టన్ రాసిన పుస్తకం, దాన్నుంచి 2002లో వచ్చిన సినిమా మనలో చాలామందికి తెలిసినవే. కుందేళ్లని వలస పాలకులుగా చూపిస్తూ జాన్ మార్స్‌డెన్, షాన్ టాన్ 1998లో ఓ బొమ్మల పుస్తకం చేశారు. 'పీడ జంతువు' అనే మాట వాడేటప్పుడు ఎవరు ఎవరికి పీడ అనేది ఆ దేశంలో తేలిక ప్రశ్న కాదు.

ఇంత కథలో చిన్న రైఫిల్ ఎక్కడుంది? నిజం చెప్పాలంటే కుందేళ్ల నియంత్రణలో దాని వాటా చాలా చిన్నది. విషాలు పెట్టారు. ఇనుప పళ్ల ఉచ్చులు పరిచారు. బొరియల్ని తవ్వి పూడ్చారు. తోళ్ల వ్యాపారంతో బతికేవాళ్లకి ఉచ్చే మేలు, ఎందుకంటే తూటాకి డబ్బు పెట్టాలి, పైగా తోలుకి కన్నం పడుతుంది. ఆ తోళ్ల ఉన్నితోనే అకుబ్రా టోపీలు తయారయ్యేవి. ఉచ్చులవాళ్లు చూలు కుందేళ్లని వదిలేస్తున్నారని, రేపటి కూలికి ఇవాళే విత్తనం దాచుకుంటున్నారని గొర్రెల ఆసాములు తిట్టుకునేవాళ్లు. తిట్టుకోవడం న్యాయమే, దాచుకోవడమూ న్యాయమే.

1930ల మాంద్యంలో రైఫిల్ ప్రాముఖ్యం పెరిగింది. పని లేదు, మాంసం కొనే స్తోమత లేదు, నేలనిండా కుందేళ్లు. దానికి 'భూమికింది గొర్రె మాంసం' అని పేరు పెట్టుకున్నారు. సిడ్నీ వీధుల్లో కుందేలు మాంసం అమ్ముతూ కేకలేసే 'రాబిటో' పేరు అక్కడి ఒక రగ్బీ జట్టుకి ఇప్పటికీ ఉంది. అలాంటి ఇళ్లలో పన్నెండేళ్ల పిల్లాడికి ఒక సింగిల్‌షాట్ .22, లెక్కపెట్టి నాలుగు తూటాలు ఇచ్చి పంపితే, నాలుగు కుందేళ్లు తేవాలి. రెండే తెచ్చినవాడు మిగతా రెండు తూటాలకి జవాబు చెప్పుకోవాలి. ఈ మాట నాకు చెప్పింది మా చెల్లెలి పొరుగాయన. వయసు డెబ్భై దాటింది. ఆయన తండ్రి అలాంటి పిల్లాడు.

రెండో ప్రపంచయుద్ధం అయిపోయాక లిత్‌గో కథ మొదలవుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లోని లిత్‌గోలో 1912లో తెరిచిన ప్రభుత్వ తుపాకీల ఫ్యాక్టరీ రెండు యుద్ధాల్లోనూ త్రీనాట్‌త్రీలు చేసింది. మన ఇషాపూర్ చేసిన రైఫిలే. యుద్ధం ముగిశాక కార్మికులకి పని కావాలి. కుట్టుమిషన్లు చేశారు. వాటితోపాటు పిల్లలు, రైతులు కొనగలిగే .22 సింగిల్‌షాట్లు, బోల్ట్ రైఫిళ్లు చేశారు. వాటిలో కొన్నిటిమీద స్లేజెంజర్ అని ఉంటుంది. అవును, టెన్నిస్ రాకెట్ల స్లేజెంజరే. ఆ పేరుతో అమ్మారు.

పొరుగాయన దగ్గర తండ్రి కొన్న అలాంటి లిత్‌గో ఒకటుంది. గోడకి బిగించిన ఇనప బీరువాలోంచి తీశాడు. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళం. దాని పక్కనే చెక్ దేశపు బ్రనో బోల్ట్ రైఫిల్. ఆయన ఇప్పుడు వాడేది అది. కొత్తవాడు ఏది కొనాలి అని అడిగాను. మా హైదరాబాదులో ఫోన్ ఏది కొనాలని అడిగితే ఎంత ఉత్సాహంగా చెప్తారో, అంతకు తక్కువ కాదు.

ముందు తూటా సంగతి చెప్పాడు. ప్రతి రైఫిల్‌కీ ఒక పథ్యం ఉంటుందట. ఒక కంపెనీ తూటా పడుతుంది, ఇంకోటి పడదు. కారణం ఎవరూ తేల్చి చెప్పలేరు. అందుకని ఐదారు రకాలు కొని, యాభై మీటర్ల దూరంలో కాగితం పెట్టి, ఒక్కోదానితో ఐదేసి కొట్టి చూడాలి. ఏ రకం కన్నాలు ఒకదాన్నొకటి ముట్టుకునేలా పడ్డాయో అదే పట్టుకుని, పెట్టెలు నిలవ చేసుకోవాలి. ఎక్కువ వేగం కావాలని ఆశపడకూడదు. ధ్వనివేగం దాటిన గుండు గాల్లో చిటపటమంటుంది. దాటనిది చప్పట్లంత చప్పుడు చేసి ఊరుకుంటుంది, మిగతా కుందేళ్లు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడతాయి. ముక్కు బోలుగా ఉన్న గుండు తగిలిన చోట విచ్చుకుంటుంది, ప్రాణం త్వరగా పోతుంది. ముక్కు నిండుగా ఉన్నది దూసుకుపోతుంది. దానికి మాంసం తక్కువ పాడవుతుంది గానీ, తలకి కాకుండా ఇంకెక్కడ తగిలినా జంతువు బొరియలోకి పోయి చస్తుంది.

"ఎంత దూరం నుంచి?" అన్నాను. యాభై, మహా అయితే డెబ్భై మీటర్లు. యాభైకి సరిచేసుకున్న రైఫిల్ వందకి వెళ్లేసరికి ఆరంగుళాల దాకా కిందకి జారుతుంది. పక్కగాలికి కూడా కొట్టుకుపోతుంది. కుందేలు తలలో మనం కొట్టవలసిన చోటు నిమ్మకాయంత. అది తెలిసినవాడు దూరం తగ్గించుకోవడానికి పాకుతాడు, తెలియనివాడు పెద్ద తూటా కొనుక్కుంటాడు, అన్నాడు. ఇది విన్నాక నాకు ఆ బలహీనమైన అంచు సంగతి మళ్లీ గుర్తొచ్చింది. తుపాకీ దూరం కొట్టలేదు కాబట్టి మనిషి దగ్గరికెళ్లాలి. దగ్గరికెళ్లాలి కాబట్టి గాలివాటం, ఎండవాలు, గడ్డి ఎత్తు నేర్చుకోవాలి. కుందేలు వెనకకాలితో నేలని తన్నిందంటే హెచ్చరిక, ఆరోజుకి ఇంటికి పోవచ్చు.

కానీ పెట్టె మీద ఇంకో లెక్క అచ్చువేసి ఉంటుంది. ఈ గుండు మైలు దాటి కూడా ప్రమాదకరం. కుందేలుని దూరం నుంచి సరిగా చంపలేని వస్తువు మైలు అవతల మనిషిని చంపగలదు. ఉత్త సీసం కాబట్టి రాయికి, నీటికి తగిలితే పక్కకి ఎగురుతుంది. అందుకే వెనక మట్టి కనిపిస్తేనే కొట్టాలి. మెరక మీద నిలబడ్డ కుందేలు, దాని వెనక ఆకాశం, ఎంత చక్కగా దొరికినా వదిలేయాలి. తండ్రి తనని దీనికోసమే ఒకసారి కొట్టాడట. మిగతా దేనికీ కొట్టలేదట.

1950లో రైఫిల్ అవసరమే లేని రోజులొచ్చాయి. ప్రభుత్వ శాస్త్రవేత్తలు ముర్రే నది లోయలో మిక్సోమటోసిస్ వైరస్‌ని వదిలారు. మొదట విఫలమైందనుకున్నారు. ఆ వేసవిలో దోమలు దాన్ని అందుకున్నాయి. అరవై కోట్లుంటాయని అంచనా వేసిన కుందేళ్లు రెండేళ్లలో పదికోట్లకి పడిపోయాయి. అదే సమయంలో ఆ ప్రాంతంలో మనుషులకి మెదడువాపు రావడంతో జనం భయపడితే, ఫ్రాంక్ ఫెనర్, మెక్‌ఫార్లేన్ బర్నెట్, ఇయన్ క్లూనిస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ని తమకే సూదితో ఎక్కించుకుని మనుషులకి ఏమీ కాదని చూపించారు. తర్వాత కొన్నేళ్లకి వైరస్ కాస్త మెత్తబడింది, కుందేళ్లు కాస్త గట్టిపడ్డాయి. మళ్లీ మొదలు. పొరుగాయనకి అప్పటి గుర్తులు లేవు, తండ్రి చెప్పినవి ఉన్నాయి. కళ్లు వాచి మూసుకుపోయిన కుందేళ్లు పట్టపగలు దారిమధ్యలో కూర్చునేవట. దగ్గరికెళ్లినా కదిలేవి కావు. ఆ ఏడాది తండ్రి కొన్న తూటాలన్నీ వాటికే ఖర్చుపెట్టాడు. కూరకి కాదు, పొలం కాపాడుకోవడానికి కూడా కాదు.

బీరువాలో మూడో తుపాకీ ఉండాల్సిన చోట ఖాళీ గాడి ఉంది. అక్కడ 1996 దాకా ఒక సెమీ ఆటోమేటిక్ .22 ఉండేది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలి, తర్వాతి తూటాని తనంతట తనే ఎక్కించుకునేది. రాత్రి బండిమీద లైటు వేసి తిరిగేటప్పుడు ఒక గుంపులో ఒకటి పడగానే రెండోదానికి గురి మార్చుకోవచ్చు. కుందేళ్లతో విసిగిన రైతులకి అదంటే ఇష్టం. ఆ ఏడాది ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని కాల్చి చంపాడు. పన్నెండు రోజుల్లో జాన్ హోవర్డ్ ప్రభుత్వం రాష్ట్రాలన్నిటినీ ఒప్పించి ఆయుధాల ఒప్పందం కుదిర్చింది. ఆరు లక్షల నలభైవేలకు పైగా తుపాకులు డబ్బిచ్చి వెనక్కి తీసుకున్నారు. చట్టం ఒక్కో కొలతకీ ఒక్కో అక్షరం ఇచ్చింది. చేత్తో బోల్ట్ లాగే .22 'ఏ' తరగతి, సరైన కారణం చూపిస్తే లైసెన్సు. దానంతటదే ఎక్కించుకునే .22, పది తూటాలకి మించకుండా, 'సీ' తరగతి, అది కూడా అవసరం రుజువు చేసుకున్న రైతుకి మాత్రమే.

పోర్ట్ ఆర్థర్‌లో వాడినవి .22లు కావు, మరి మావెందుకు లాక్కున్నారని వాళ్ల కోపం. ఆ జూన్‌లో విక్టోరియాలోని సేల్ పట్టణంలో తుపాకులవాళ్ల సభకి హోవర్డ్ కోటులోపల బులెట్‌ప్రూఫ్ జాకెట్ తొడుక్కుని వెళ్లాల్సి వచ్చింది. ఈ వాదనలో సగం నిజం ఉంది. 'చిన్న కాలిబర్' అనే మాటే మనల్ని మోసం చేస్తుంది. హంతకుడి తుపాకుల్లో ఒకదాని గుండు .223 అంగుళాలు, మన ఇన్సాస్ రైఫిల్‌దీ దాదాపు అంతే. స్కేలుతో కొలిస్తే కుందేళ్ల తుపాకీకి దీనికి తేడా కనిపించదు. శక్తి మాత్రం పదిరెట్లు. అయితే చట్టం చూసింది కన్నం సైజు ఒక్కటే కాదు, ఒకడు ఎంత త్వరగా ఎంతమందిని కొట్టగలడనేది కూడా. ఆ ప్రశ్న అడిగాక, ఆటవస్తువుగా పుట్టిన తూటాకి కూడా మినహాయింపు దొరకదు. నాకైతే చట్టం వైపే మొగ్గు. పొరుగాయన్ని అడిగితే, కోపం పదేళ్లుండి పోయిందన్నాడు. "అది ఉన్నప్పుడు ఎక్కువ కొట్టేవాణ్ణి, ఎక్కువ తప్పేవాణ్ణి" అన్నాడు. గాయపడ్డవాటిని లైట్లో వెతుక్కుంటూ తిరగడం గుర్తొస్తే ఇప్పటికీ బాగుండదట.

ఇప్పటి కుర్రాళ్లు .17 అంటున్నారు. 2002లో వచ్చింది, గుండు పదిహేడు గ్రెయిన్లే, అంటే గ్రాము పైచిలుకు, కానీ సెకనుకి 770 మీటర్లు దాటిన వేగం. చిన్న గుండు, దూరం ఎక్కువ, రాయికి తగిలితే ఎగరకుండా ముక్కలైపోతుంది. వేడిని చూసే దుర్భిణీలు కూడా వచ్చాయి. ఇంకోపక్క కాల్చి వదిలేసిన కళేబరాల్లోని సీసం తిని గద్దలు విషం పాలవుతున్నాయి. సీసం లేని .22 గుండు మాత్రం అంత నిలకడగా తగలడం లేదు. పాకడం నేర్చుకోవాల్సిన పని మెల్లగా తగ్గిపోతోంది.

మన దగ్గర ఈ ప్రశ్నకి జవాబు 1959 ఆయుధాల చట్టం పదమూడో సెక్షన్‌లో ఉంది. చదివినప్పుడు నవ్వొచ్చింది. పంట కాపాడుకోవడానికని నిజంగా అడిగే రైతుకి మూతిలోంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు. చట్టం తయారైనప్పుడు .22 రైఫిల్ పేరు కూడా అక్కడే ఉంది, రైఫిల్ క్లబ్ సభ్యుల టార్గెట్ ప్రాక్టీసు కోసం. అంటే మన దేశంలో ఆధునిక తూటా కాగితానికి, పద్దెనిమిదో శతాబ్దపు మందుగొట్టం పంటకి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మన చెవులపిల్లిని కొట్టడం నేరం, అది సబబే. ఇప్పుడు తెలంగాణలో, ఆంధ్రలో మొక్కజొన్న, వేరుశనగ రైతుని ఏడిపిస్తున్నది కుందేలు కాదు, అడవిపంది. దానిమీద .22 పనికిరాదు, తుపాకీ లైసెన్సు దొరకదు, అందుకని చేను చుట్టూ కరెంటు తీగ. పంది బదులు పక్కచేను రైతు చనిపోయిన వార్త జిల్లా పేజీలో ఏటా చదువుతూనే ఉన్నాం. తీగకి ట్రిగ్గర్ ఉండదు, వెనక మట్టి ఉందా ఆకాశం ఉందా చూసుకునే కన్నూ ఉండదు.

ఆ ఆదివారం సాయంత్రం పొరుగాయన వెంట నేనూ నడిచాను. కంచెపక్క గడ్డిలో గంటసేపు కూర్చున్నాం. చీకటి పడుతుండగా ఒక కుందేలు బయటికొచ్చింది, నలభై మీటర్లుంటుంది. బోల్ట్ మెల్లగా మూశాడు. అది రెండు గంతులేసి దిబ్బమీదకెక్కి నిలబడింది. చెవులు, మీసాలు కూడా కనిపిస్తున్నాయి, వెనకంతా నారింజరంగు ఆకాశం. బోల్ట్ తెరిచి తూటా తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

తిరిగొస్తూ అడిగాను, ఇలాగైతే కుందేళ్లు తగ్గేదెప్పుడని. "మంగళవారం ట్రాక్టరు వస్తోంది, బొరియలన్నీ దున్నించేస్తున్నా" అన్నాడు. "ఇది కూరకి."